విమల బొటనవేలు

గేముల అంగడి మూసేసిన రోజు జగదీష్ టీవీలు, బల్లలు, కుర్చీలు అన్నీ అడిగినవాళ్లకు అడిగినట్టు ఇచ్చేశాడు. టీవీకి తగిలించి గేములు ఆడించే ఒక్క నల్ల పెట్టెను మాత్రం గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. హిందూపురం బజారులో, వాళ్ల నాయన నాగేశ్వరయ్య కిరాణా అంగడికి ఆనుకుని ఉన్న ఇరుకు గదిలో ఆ వ్యాపారం చాలా ఏళ్లు బాగానే నడిచింది. ఆటలు సెల్‌ఫోన్లలోకి దూరాక గదిలో ఈగలు తోలుకోవడమే మిగిలింది. నాగేశ్వరయ్య మాత్రం అది బాగా నడిచిన రోజుల్లో కూడా దాన్ని వ్యాపారమని ఒప్పుకోలేదు.

"నా కాడికి వచ్చినోడు బెల్లమో బ్యాళ్లో సంచిలో ఏసుకోని పోతాడు. నీ కాడికి వచ్చినోడు ఏం ఎత్తుకోని పోతాడప్పా? నొప్పిపట్టిన బొటనేలు!" అనేవాడు.

జగదీష్ నవ్వి ఊరుకునేవాడు. అతనికి మాటల కంటే టంకం కడ్డీ బాగా తెలుసు. విరిగిన కంట్రోలర్లు, కాలిపోయిన బోర్డులు పెనుకొండ నుంచి, మడకశిర నుంచి కూడా అతని దగ్గరికి వచ్చేవి. నాయన పోయాక కిరాణా అంగడి అతని మీద పడింది. తక్కెడ పట్టుకుని తూకం వేసేది జగదీష్, నోరు విప్పి బేరమాడేది అతని భార్య విమల.

విమల అతని మేనమామ కూతురు. అమరాపురం పిల్ల. పుట్టినప్పటి నుంచి రెండు భాషల మధ్య పెరిగింది కాబట్టి కోపం వస్తే కన్నడంలోనూ, ప్రేమ వస్తే తెలుగులోనూ మాట్లాడేది. అంగడికి వచ్చే ఆడవాళ్లు సరుకు కంటే ఆమె మాటల కోసమే ఎక్కువసేపు నిలబడేవాళ్లు. పిల్లలు పుట్టలేదు. ఆ బాధ ఎంత ఉన్నా, ఆ ఇంట్లో మౌనం ఎప్పుడూ లేదు. జగదీష్ తల్లి సుబ్బమ్మ ఒకవైపు, విమల ఒకవైపు, మేనత్త మేనకోడళ్లు వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వంటింట్లోకి అరుచుకుంటూనే ఉండేవాళ్లు. కొత్తవాళ్లు వింటే పోట్లాట అనుకునేవాళ్లు.

మొదట విమల చేతిలోంచి పొట్లం దారం జారిపోయింది. తరువాత మెట్టు మీద కాలు మడతపడింది. తరువాత నాలుక మొద్దుబారింది. బెంగళూరులో డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పి, మెల్లమెల్లగా ఒంట్లో కండలన్నీ పని మానేస్తాయని, బుద్ధి మాత్రం చివరి దాకా చెక్కుచెదరదని చెప్పాడు. రెండో మాట ఓదార్పుగా చెప్పాడో, హెచ్చరికగా చెప్పాడో జగదీష్‌కు అర్థం కాలేదు. ఇంటికి వచ్చాక అర్థమైంది.

మాట పూర్తిగా పోయిన తరువాత వాళ్లు కళ్లతో ఒక ఒప్పందం చేసుకున్నారు. రెప్పలు గట్టిగా మూస్తే ఊ. కనుగుడ్లు పైకెత్తితే ఊహూ. నీళ్లు కావాలా, ఊ. ఫ్యాను వేయాలా, ఊహూ. కొన్నాళ్లకు అందులోని లోటు తెలిసివచ్చింది. అడిగినదానికి ఆమె జవాబు చెప్పగలదు. అడగనిదాన్ని ఆమె ఎలా చెప్తుంది? వీపు మీద చీమ పాకుతోందా అని అడగాలని ఎవరికి తోస్తుంది? సెల్‌ఫోను చేతిలో పెట్టి చూశాడు. వేలు అద్దం మీద ఆనేది గానీ ఎత్తడానికి రాదు. ఫోను జారి పరుపు మీద పడేది. విమల కళ్లలో నీళ్లు తిరిగేవి.

అప్పుడు జగదీష్ గోనెసంచి విప్పాడు.

ఆ నల్ల పెట్టెను చేసినవాళ్లు ఆటల కోసమే చేశారు. జగదీష్ అంగడి రోజుల్లోనే దాని మూత విప్పి, చిన్న చిప్పు టంకం వేసి, లోపలి ప్రోగ్రాము మార్చి, వాళ్లు అనుకోని పనిని దానికి నేర్పాడు. ముందుగదిలో ఉన్న కంప్యూటరులోని సినిమాలు, పాటలు, పెళ్లి వీడియో, అమరాపురంలో మామ తన వక్కతోట చూపిస్తూ తీసిన వీడియోలు, అన్నీ ఒక నీలం తీగ గుండా వచ్చి పడకగది టీవీలో కనిపించేవి. తీగను వంటింటి గుమ్మం మీదుగా మేకులు కొట్టి లాక్కొచ్చాడు. సుబ్బమ్మ దానికి కరివేపాకు రెమ్మలు తగిలించి ఆరబెట్టేది. ఇక కంట్రోలర్ పని. బొటనవేలితో తిప్పే చిన్న పుల్ల కింద ఉండే స్ప్రింగు తీసి, అంతకంటే మెత్తనిది వేశాడు. అది కూడా గట్టిదనిపిస్తే ఇంకా మెత్తనిది. విమల కుడిచేతికి గుడ్డ పట్టీతో దాన్ని కట్టాడు. ఒంట్లో మిగిలిన బలమంతా ఆ బొటనవేలిలోనే ఉంది. అది కదిలింది. టీవీ మీద సినిమాల వరస కిందికి జరిగింది.

ఆ రోజు విమల ఏ సినిమా పెట్టిందో ఇంట్లో అందరికీ గుర్తే. దయ్యాల సినిమా. సుబ్బమ్మకు దయ్యాలంటే చచ్చేంత భయం. పక్కనే కూర్చుని ఒత్తులు చేసుకుంటున్న ముసలామె తెర మీద తలుపు కిర్రుమనగానే పత్తి వదిలేసి లేచింది.

"చూడప్పా నీ పెండ్లాన్ని! నన్ను గదిలోంచి తరమల్లనే ఇది పెట్టిండాది. నోరు పోయినా పొగరు పోలేదు దీనికి!" అని వసారాలోకి పోయి, అక్కడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి, ఏడ్చింది.

ఆ పెట్టెలో సినిమా పేరు వెతుక్కోవడానికి అక్షరాల పలక ఒకటి ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు వరసగా తెర మీద కనిపిస్తాయి. ఒకదాని మీద ఆగి నొక్కితే పైన పడుతుంది. ఒక పొద్దున విమల ఆ పలక తెరిచి ఒక్కొక్క అక్షరమే పోగుచేసి ఒక మాట పెట్టింది. దోసె.

జగదీష్ కంప్యూటరంతా గాలించి వచ్చాడు. "దోసె అని సినిమా యాడుండాది విమలా? నేనెప్పుడూ ఎక్కించలేదే!"

ఆమె అతన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో ఇరవై ఏళ్ల కాపురం ఉంది. అతను తల కొట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు. మింగడం కష్టమైనా, మెత్తగా పాలలో నానబెట్టిన దోసె ముక్క ఆమె నాలుక మీద పెట్టారు. ఆనాటి నుంచి ఆ వెతుకుడు పలకే విమల నోరు అయింది. 'కిటికీ తెరువు' అని పెట్టేది. 'అత్తకు మోకాళ్ల మందు' అని గుర్తుచేసేది. 'గడ్డం గీసుకో కోతి' అని పెట్టేది. ప్రతి మాటకూ ఆ పెట్టె అమాయకంగా తన దగ్గరున్న సినిమాలన్నీ వెతికి, అలాంటిదేమీ లేదని చెప్పేది.

ఎండలు తగ్గి వానలు మొదలయ్యే నాటికి ఊపిరి కూడా బరువెక్కింది. ముక్కుకు తగిలించే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. అది ఎక్కువ రోజులు చాలదని, గొంతుకు రంధ్రం చేసి పైపు పెట్టి పెద్ద యంత్రానికి కలపాలని, అలా చేస్తే ఇంకా కొన్నేళ్లు ఉంటుందని బెంగళూరు డాక్టరు చెప్పాడు. మంచం మీదనే, యంత్రం పక్కనే. "ఆమెను అడిగి చెప్పండి" అన్నాడు.

జగదీష్ అడగలేదు. దసరా పండగ దాటిన సోమవారానికి ఆసుపత్రిలో పడక మాట్లాడేశాడు. ఇంటికి వచ్చి, "సోమవారం బెంగళూరు పోతాం విమలా. ఊపిరికి బాగుంటాది" అన్నాడు. అన్నది ప్రశ్న కాదు కాబట్టి ఆమె ఊ అనడానికీ, ఊహూ అనడానికీ అందులో చోటు లేదు. ఆమె మొహం చూడకుండా దిండు సర్దాడు.

ఆయుధ పూజ రోజు పొద్దున్నే సుబ్బమ్మ తలంటుకుని చెంబులో పసుపునీళ్లు, మామిడాకులు, కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరింది. తక్కెడకు, తూకపు రాళ్లకు, మిక్సీకి, బండికి, నీళ్ల మోటారుకు అన్నిటికీ బొట్లు పెట్టింది. గేముల అంగడి రోజుల్లో కూడా ఆమెకు ఇది అలవాటే. అప్పట్లో పండగనాడు అంగడికి సెలవు. పెట్టెలన్నీ ఆరిపోయి చల్లగా ఉండేవి. వాటి నెత్తిన నీళ్లు చల్లినా, నిమ్మకాయ పిండినా, మర్నాటికి ఆరిపోయేవి.

జగదీష్ అంగడి ముందు గుమ్మడికాయ పగలగొడుతున్నప్పుడు సుబ్బమ్మ పడకగదిలోకి వెళ్లింది. విమల అక్షరాల పలక తెరిచి ఏదో పెడుతోంది. ఇంగ్లీషు అక్షరాలు సుబ్బమ్మకు తెలియవు. పెట్టె ముందు కూర్చుని, ఇది నా కోడలి నోరు, నా కోడలి చెయ్యి, ఇంట్లో ఉన్న అన్ని ఆయుధాల్లోకీ ఇదే పెద్దది అనుకుంది. మిగతావాటికి ఒకసారి చల్లిన నీళ్లు దీనికి మూడుసార్లు చల్లింది. పైన గాలి ఆడే చిల్లుల మీద పసుపు ముద్ద పూసి బొట్లు పెట్టింది. నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, రసం కారుతుండగా రెండు చెక్కలూ నెత్తిన పెట్టింది. కర్పూరం వెలిగించి కళ్లు మూసుకుంది.

చేతికి అంటిన గుమ్మడి గింజలు దులుపుకుంటూ జగదీష్ గుమ్మంలోకి వచ్చేసరికి తెర మీద ఒక మాట ఉంది. 'నన్ను'. తరువాతి అక్షరం కోసం గుర్తు పక్కకు జరుగుతోంది. సుయ్యిమని చిన్న చప్పుడు. కాలిన వాసన. తెర నల్లబడింది.

విమల బొటనవేలు ఇంకా కదులుతూనే ఉంది.

"ఏమైందప్పా? నేనేమన్నా చేసినానా?" అంది సుబ్బమ్మ.

"ఏం లేదుమా. పాతది గదా. పోయింది" అన్నాడు.

కానీ ఆ మధ్యాహ్నం అతను వసారాలో మూత విప్పి, కుంచెతో బోర్డు మీది కుంకుమ గీకుతుంటే ఆమె చూసింది. ఎర్రటి బురద బోర్డంతా పాకి, అక్కడక్కడ నల్లగా మాడి ఉంది. సుబ్బమ్మ పెరట్లోకి పోయి తన రెండు చేతులనూ రాతి తొట్టి అంచుకేసి కొట్టుకుంటుంటే పక్కింటామె వచ్చి పట్టుకోవాల్సివచ్చింది. ఆ తరువాత ఆమె పడకగది గడప దాటలేదు. గంజి గిన్నె కూడా గడప మీదే పెట్టి వెళ్లిపోయేది.

జగదీష్ విమల పక్కన కూర్చున్నాడు. "నన్ను అని పెట్టినావు. నన్ను పక్కకు తిప్పమనా?" ఊహూ. "అమరాపురం తీసుకుపొమ్మనా?" ఊహూ. "మామను పిలిపించమనా? బయట కూర్చోబెట్టమనా?" ఊహూ. అక్షరాలు వరసగా చదివి చూశాడు. అలసిపోయిన రెప్పలు వాటంతట అవే వాలిపోతుంటే, ఏది ఊ, ఏది నిద్రమత్తు అని తెలియలేదు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అది నాలుక కొసన ఉంది. దాన్ని మాత్రం మింగేశాడు. దాన్ని అడగడం కంటే దేశమంతా తిరిగి ఇంకో పెట్టె తేవడం అతనికి సులభంగా తోచింది.

మెత్తటి స్ప్రింగు వేసిన ఆ కంట్రోలర్ తీగ అలాంటి పెట్టెకు తప్ప మరి దేనికీ పట్టదు. హిందూపురంలో పాత సామాన్ల అంగళ్లన్నీ వెతికాడు. ఒకడు పకపకా నవ్వి, "అవి మ్యూజియంలో ఉంటాయి పోప్పా" అన్నాడు. శనివారం పొద్దున తల్లిని గడప దగ్గర కాపలా పెట్టి, పక్కింటామెను లోపల కూర్చోబెట్టి, బండి తీశాడు.

పెనుకొండలో కొండ కిందనే దేవదాసు కరెంటు సామాన్ల అంగడి. ఒకప్పుడు జగదీష్ దగ్గర పెట్టెలు కొని చుట్టుపక్కల ఊళ్లలో అమ్మినవాడు.

"ఏమబ్బా గేములోడా! బతికే ఉండావా?" అన్నాడు దేవదాసు. సంగతి వినకముందే బల్ల కింద నుంచి ఒక నల్ల పెట్టె తీసి ముందు పెట్టాడు. జగదీష్ రెండు చేతులా దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. మూత ఎత్తితే లోపల బోర్డు లేదు. నిండా మేకులు, మరలు.

"గట్టి పెట్టెబ్బా ఇది. ఎన్ని మొలలు పోసినా చెక్కు చెదరలేదు" అని దేవదాసు నవ్వాడు. జగదీష్ నవ్వలేదు. ఆ పెట్టె అంచు పట్టుకుని నిలబడిపోయాడు. దేవదాసు అతని మొహం చూసి, ఎదురుగా టీ అంగడికి కేకేసి, కూర్చోబెట్టి, మెల్లగా సంగతి లాగాడు. విన్నాక ఆ పెట్టెను బల్ల కిందికి తోసేశాడు, చూపించినందుకు సిగ్గుపడినట్టు.

"ఇంకొకటి ధర్మవరంలో ఉండాల. హనుమప్ప అని నేతాయన కొనుక్కోని పోయినాడు. మగ్గం కాడ భజనలు వినల్లంట ఆయప్పకు. నువ్వు చిప్పు ఏసినదే అది. ఇంకా పాడతాందో లేదో దేవునికే తెలియల్ల."

ధర్మవరంలో హనుమప్ప ఇంటి సందు మొదట్లోనే జగదీష్‌కు భజన వినిపించింది. పెట్టె బతికి ఉంది. వాకిట్లో చెప్పులు విప్పడం కూడా మరిచి గడప మీద నిలబడ్డాడు. లోపల మగ్గం గుంటలో హనుమప్ప, ఎదురుగా అతని భార్య బాలనాగమ్మ. కొత్త అచ్చు అతుకుతున్నారు. ఒక చీరల వరస నేత అయిపోయాక మగ్గం మీద మిగిలిన పాత పట్టుపోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే కలిపి, బూడిద అద్దిన వేళ్లతో పురిపెట్టే పని. వేల పోగులు. ఇద్దరి వేళ్లూ చూపు అందనంత వేగంగా తిరుగుతున్నాయి. గోడ వారగా బల్ల మీద నల్ల పెట్టె, పక్కన బొమ్మ రాని టీవీ, గొంతు మాత్రం పాడుతోంది.

"ఏమప్పా, చెప్పులతోనే వస్తాండావు! యాడి నుంచి? చీరల బేరమా?" అన్నాడు హనుమప్ప తల ఎత్తకుండా.

"చీరలు కాదన్నా. హిందూపురం నుంచి వస్తాండా. ఆ పెట్టె కోసం."

"ఈ పెట్టెనా? దీని కోసం హిందూపురం నుంచి వచ్చినావా? ఇన్నావా, మన పెట్టెకు ఎంత గిరాకీనో!" అని భార్యతో అని, మళ్లీ అతనితో, "కావల్లంటే తీసుకుందువులేప్పా. అచ్చు అతకడం అయిపోనీ. రేపు సందకాలానికో, ఎల్లుండికో అయితాది. ఆ పొద్దు రా" అన్నాడు.

"ఇప్పుడే కావల్లన్నా."

"ఇప్పుడెట్ల ఇస్తామప్పా? మా ఇంట్లో అచ్చు అతికే పొద్దు గుండుసూది గూడా గడప దాటగూడదు. మా నాయన కాలం నుంచీ అంతే. పోయిందా, మగ్గం ఎక్కినంక పోగులన్నీ పటపటా తెగతాయి. ఒగసారి మా తమ్ముడు అగ్గిపెట్టె ఇచ్చినాడని..."

"ఎంత దుడ్లైనా ఇస్తాన్నా."

"దుడ్లు తీసుకుంటే ఇంకా కష్టం. అమ్మినట్లయితాది గదా!"

జగదీష్ వెనక్కి తిరగలేదు, ముందుకీ రాలేదు. గడప మీదే కూలబడ్డాడు. అతనికి అడుక్కోవడం చేతకాదు. బతిమాలడం చేతకాదు. అంగడిలో ఆ పనులన్నీ విమల చేసేది. పెట్టె పాడుతూనే ఉంది. కాసేపటికి బాలనాగమ్మే అడిగింది.

"ఎవరికప్పా అంత అవసరం?"

"నా పెండ్లానికక్కా. అది ఉంటేనే మాట్లాడతాది."

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎండకు తిరిగి మతి చెడిందనుకున్నారు. జగదీష్ చెప్పడం మొదలుపెట్టాడు. జబ్బు, బొటనవేలు, దోసె, నిమ్మకాయ చెక్కలు, సోమవారం, 'నన్ను' దగ్గర ఆగిపోయిన మాట. జీవితంలో అంతసేపు అతను ఎప్పుడూ మాట్లాడి ఉండడు. వరస తప్పింది, చెప్పిందే చెప్పాడు. బాలనాగమ్మ వేళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఆయమ్మ మనసులో ఏముండాదో తెలియకనే గొంతు కోయిస్తావా?" అంది.

అతను వంగి, కాళ్లకున్న చెప్పులు అప్పుడు విప్పాడు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "మనం ఇయ్యగూడదు, అమ్మగూడదు. అంతే గదా? ఆయప్పే ఎత్తుకోని పోతే మనం ఇచ్చినట్ల గాదు."

"దొంగతనం చెయ్యమంటాండావా?" అన్నాడు హనుమప్ప.

"నీకు వీపున కండ్లుండాయా ఏమి? పోగు చూసుకో."

హనుమప్ప గొణుక్కుంటూనే ముఖం మగ్గం వైపు తిప్పుకున్నాడు. ఆమె కూడా తిప్పుకుంది. ఇద్దరి వేళ్లూ మళ్లీ పురిపెట్టడం మొదలుపెట్టాయి. జగదీష్ లేచి, దొంగలాగే మునికాళ్ల మీద నడిచి, తీగలు పీకాడు. భజన సగంలో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో హనుమప్ప వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"కరెంటు తీగ మర్చిపోయేవప్పా. దొంగతనమన్నా సక్కగా చెయ్యల్ల."

"పోగులు తెగితే?" అన్నాడు జగదీష్, పెట్టెను ఎదకు హత్తుకుని.

"తెగితే అతుకుతాం. మా పనే అది. నువ్వు పో" అంది బాలనాగమ్మ.

పెనుకొండ దాటేసరికి తుంపర మొదలైంది. జగదీష్ బండి ఆపి చొక్కా విప్పి పెట్టెకు చుట్టి, బనియనుతోనే హిందూపురం దారి పట్టాడు. దారి పొడుగునా 'నన్ను' తరువాతి మాటను పూరిస్తూ వచ్చాడు. నన్ను బతికించు. అది ఆమె గొంతుతో వినిపించేదాకా అనుకున్నాడు. ఆమె గొంతు ఎలా ఉండేదో సరిగ్గా గుర్తు రావడం లేదని అప్పుడే తెలిసింది. నన్ను వదిలెయ్ అనే మాట కూడా ఒకసారి వచ్చింది. ఎవరో వెంటపడినట్టు బండి వేగం పెంచాడు.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి విమల ఊపిరి యంత్రం మాస్కు కింద మత్తుగా నిద్రపోతోంది. ఆదివారం పొద్దున పెట్టెకు తడి తగలలేదని నాలుగువైపులా తడిమి చూసి, నీలం తీగ, కరెంటు తీగ తగిలించాడు. మూత విప్పి లోపల తన పాత టంకం చుక్కలను గుర్తుపట్టాడు. మీట నొక్కాడు. తెర వెలిగింది. ముందుగదిలోని సినిమాల వరస ఒక్కొక్కటే వచ్చి నిలబడింది. కంట్రోలర్‌ను విమల చేతికి కట్టి, అక్షరాల పలక తెరిచాడు.

బొటనవేలు కదలలేదు.

విమల కళ్లు తెర మీద ఉన్నాయి. మెడ నరం ఉబికింది. వేలు పుల్ల మీద శవంలా పడి ఉంది. "తొందర లేదు" అన్నాడు జగదీష్. స్ప్రింగు పూర్తిగా తీసేశాడు. పుల్ల ఇక ఊగులాడే దూదిపుల్ల. ఆమె మణికట్టు కింద తన అరచేయి పెట్టి, వేలిని మాత్రం తాకకుండా, ఎత్తి పట్టుకున్నాడు. గుర్తు ఒక గడి జరిగింది. మళ్లీ ఆగింది.

'నన్ను' పెట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మధ్యలో గుర్తు దాటిపోయి తప్పక్షరాలు పడితే, చెరిపి మళ్లీ మొదలుపెట్టింది. రెండుసార్లు మాస్కు పెట్టించుకుని అలుపు తీర్చుకోవాల్సివచ్చింది. జగదీష్ చేయి తిమ్మిరెక్కి రాయి అయింది. సుబ్బమ్మ గడప అవతల గోడకు చేరగిలబడి, తెర మీది అక్షరాలు చదవడం రాక, కొడుకు మొహం చదువుతోంది. తరువాతి అక్షరం పడింది. అది అతను దారి పొడుగునా పూరించుకున్న మాటల్లో దేనిదీ కాదు. ఇంకొకటి పడింది. ఇంకొకటి.

'నన్ను అడుగు బావా'.

పెట్టె తన అలవాటు ప్రకారం వెతికి, అలాంటిదేమీ లేదని చెప్పింది.

విమల తెర వదిలి అతని వైపు చూసింది. బొటనవేలు ఇక కదలదని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. జగదీష్ కంట్రోలర్ పట్టీ విప్పి పక్కన పెట్టాడు. ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నోరు తెరిచాడు.

"గొంతుకు పైపు పెట్టిస్తే ఇంకా కొన్నేండ్లు ఉంటావంట. యంత్రం పక్కనే ఉండల్లంట. పెట్టియ్యకపోతే..."

ఆమె ఎదురుచూసింది. సగం ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కాదు ఆమె, ఎప్పుడూ.

"పెట్టియ్యకపోతే ఎక్కువ దినాలు ఉండవు విమలా. పెట్టిద్దామా?"

కనుగుడ్లు పైకి వెళ్లాయి. ఊహూ. కిందికి దిగి అతని మీద నిలిచాయి.

"ఇంగోసారి అడుగుతా. నిద్రమత్తులో చెప్తాండావేమో." ఆమె కళ్లలో నిద్రమత్తు ఇసుమంతైనా లేదు. "బెంగళూరు వద్దా? ఈడనే ఉంటావా?"

రెప్పలు గట్టిగా మూసుకున్నాయి. ఆ రెప్పల మధ్యలోంచి నీళ్లు చెంపల మీదికి కారాయి. తుడవబోయి జగదీష్ తన నుదురు ఆమె చేతి మీద ఆనించి, పెద్దగా, అంగడి దాకా వినిపించేలా ఏడ్చాడు. మళ్లీ తల ఎత్తేసరికి ఆమె అతన్నే చూస్తోంది. దోసె రోజు చూసినట్టు కాదు. చాలా అలసటగా, కొంచెం తేలికగా.

"ఏమంటాండాదప్పా?" గడప అవతల నుంచి సుబ్బమ్మ గొంతు.

"పోదంటమా. ఈడనే ఉంటాదంట."

సుబ్బమ్మ చీర కుచ్చెళ్లు పట్టుకుని, గోడ ఆసరాతో లేచి, గడప దాటి లోపలికి వచ్చింది. మంచం తలాపున నిలబడి మేనకోడలి నెత్తి మీద చెయ్యి పెట్టి చూసింది.

"పండగ నుంచి దీని తల దువ్వినోళ్లు లేరు. చిక్కులు కట్టిండాది. ఏడిస్తే ఏడిస్తివిలే, పోయి ఆ దువ్వెన తీసుకురా" అంది.